ఐసీయూలోకి ఆ గోళ్లు ఎందుకు వద్దంటానంటే

శ్రావణం వచ్చిందంటే నాకు పని పెరుగుతుంది. కొంత డెంగ్యూ జ్వరాల వల్ల, కొంత పెళ్లిళ్ల వల్ల. చెల్లి పెళ్లనో, కాలేజీ ఫ్రెండ్ ఎంగేజ్‌మెంట్ అనో సెలవు పెట్టి ఊరెళ్లిన అమ్మాయి తిరిగి డ్యూటీకొచ్చేసరికి పది వేళ్లకీ జెల్ ఎక్స్‌టెన్షన్లు, అంటే అసలు గోటి మీద అతికించి పొడిగించిన గోళ్లు, ఉంటాయి. సిరిపురం వైపు వెళ్లినా, ద్వారకానగర్ వెళ్లినా, ఎంవీపీ కాలనీలో తిరిగినా ఇప్పుడు నెయిల్ స్టూడియో బోర్డు కనపడకుండా ఉండదు, మా నర్సు పిల్లలు జీతంలోంచి కొంచెం కొంచెం దాచుకుని మరీ వేయించుకుంటారు, చూడటానికి చాలా బాగుంటాయి కూడా. నేను వైజాగ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. ఆ గోళ్లతో ఐసీయూలోకి, పసిపిల్లల ఐసీయూ అయిన ఎన్‌ఐసీయూలోకి, ఓటీలోకి అంటే ఆపరేషన్ థియేటర్లోకి రావద్దని చెప్పాల్సిన మనిషిని నేనే.

ఆ చెప్పే పద్ధతిలోనే వస్తుంది తంటా అంతా. ఇంతకుముందు నేను పనిచేసిన చోట ఒక ఇన్‌చార్జ్ మేడం ఉండేవారు. పొద్దున హ్యాండోవర్ టైములో అందరి ముందూ చేతులు చాపించి, "డ్యూటీకి వచ్చావా, పెళ్లిచూపులకి వచ్చావా" అనేవారు. పక్కన డాక్టర్లుండేవారు, వార్డు బాయ్‌లు ఉండేవారు, పేషెంట్ల తాలూకు వాళ్లు కూడా వింటూ ఉండేవారు. అంతమందిలో అలా అనిపించుకున్న అమ్మాయి ఏం చేస్తుంది? మర్నాటి నుంచి షిఫ్ట్ మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా గ్లవ్స్ తీయదు. ఒక బెడ్ దగ్గర వేసుకున్న గ్లవ్స్‌తోనే ఇంకో బెడ్ దగ్గరికి, అక్కణ్ణుంచి కీబోర్డు మీదకి, వార్డు ఫోన్ మీదకి. గోళ్లు కనపడకుండా పోయాయి, క్రిములు మాత్రం వార్డంతా తిరిగాయి. ఎందుకు వద్దో ఆ పిల్లకి ఒక్కరూ చెప్పలేదు, సోకులు ఎక్కువయ్యాయని తిట్టారంతే. నాకు ఇప్పటికీ ఆ పద్ధతంటే కోపమే. రూల్ సడలించమని నేను అనను, ఐసీయూలో అసలు సడలించకూడదు. కానీ మూడేళ్లో నాలుగేళ్లో నర్సింగ్ చదివి, నైట్ డ్యూటీలో ఒంటరిగా వెంటిలేటర్ అలారాలు చూసుకునే మనిషికి కారణం చెప్పే గౌరవం కూడా ఇవ్వకపోతే ఎలా?

కాబట్టి కారణం దగ్గర్నుంచే మొదలుపెడతాను.

మన చేతి మీద ఉండే క్రిముల్లో ఎక్కువ భాగం అరచేతిలో ఉండవు, గోటి కింద ఉంటాయి. మామూలు గోళ్లకైనా అంతే. అది తడి నిలిచే చోటు, సబ్బు సరిగ్గా చేరని చోటు, హడావుడిలో రుద్దకుండా వదిలేసే చోటు. దానికి యాక్రిలిక్కో జెల్లో అతికించి గోరు పొడిగిస్తే ఆ చోటు ఇంకా పెద్దదవుతుంది. చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అతికించినది పెరగదు, అసలు గోరుతో పాటు ముందుకి జరుగుతుందంతే, దాంతో వెనక క్యూటికిల్ దగ్గర, అంటే గోటి మొదట్లో చర్మం అంచు దగ్గర, చిన్న మెట్టులా ఖాళీ ఏర్పడుతుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి పక్క అంచులు లేస్తాయి, స్టూడియో వాళ్లు దీన్ని లిఫ్టింగ్ అంటారు. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. చెయ్యి పక్కకి తిప్పి లైటు కింద పెడితే వెంట్రుక పట్టేంత సందు కనిపిస్తుంది, లోపల బూడిద రంగులో సన్నటి గీత ఉంటుంది. షిఫ్ట్ మొత్తం చేతులు కడుగుతూనే ఉండే నర్సుకి ఆ సందులోకి నీళ్లు వెళ్తాయి, వెళ్లినవి ఆరవు. అందులోనూ మన వైజాగ్ ఉక్కపోతలో.

సూడోమొనాస్ అనే బ్యాక్టీరియాకి ఇలాంటి తడి చోటంటే ప్రాణం. సింకుల్లో, కుళాయి మూతుల్లో, ఆక్సిజన్ హ్యుమిడిఫయర్ నీళ్లలో ఐసీయూ వాళ్లం ఎప్పుడూ భయపడేది దీనికే. ఎక్స్‌టెన్షన్ తీసేశాక కొందరికి అసలు గోరు ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఫంగస్ అనుకుని మెడికల్ షాపులో ఏదో ఆయింట్‌మెంట్ కొనుక్కుంటారు కానీ చాలాసార్లు అది సూడోమొనాస్ వదిలిన రంగు. ఇంట్లో ఉండే మనిషికి అది గోటి సమస్య. అదే వేలితో సెంట్రల్ లైన్, అంటే పేషెంట్ పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టం, మూతి పట్టుకునే మనిషికైతే అది పేషెంట్ రక్తం దాకా వెళ్లే దారి.

కృత్రిమ గోళ్లున్న ఆసుపత్రి సిబ్బంది చేతులనీ లేని వాళ్ల చేతులనీ పోల్చి చూసిన పరిశోధనలు ఉన్నాయి. గోళ్లున్నవాళ్ల దగ్గర గ్రామ్ నెగటివ్ అనే రకం బ్యాక్టీరియా (సూడోమొనాస్ ఆ రకమే), ఈస్ట్ అనే ఫంగస్ ఎక్కువగా దొరికాయి. సబ్బుతో కడుక్కున్నాక, ఆల్కహాల్ జెల్ రాసుకున్నాక కూడా తేడా ఉంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఈ ఆఖరి విషయమే. "నేను బాగా కడుక్కుంటాను మేడం" అని మా పిల్లలు చెప్పేది అబద్ధం కాదు, నిజంగానే బాగా కడుక్కుంటారు. ఆల్కహాల్ తగిలిన చోట క్రిమిని చంపుతుంది, తగలని చోట ఏమీ చేయలేదు, అంతే విషయం.

మాటల్లో చెబితే బుర్రకెక్కడం కష్టం కాబట్టి నేను చేసి చూపిస్తాను. ట్రైనింగ్‌కి వాడే ఒక లోషన్ ఉంది, మామూలు వెలుతురులో కనపడదు, యూవీ లైటు కింద పెడితే మెరుస్తుంది. అది చేతులకి రాసుకోమని, తర్వాత సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, డబ్ల్యూహెచ్ఓ చెప్పిన స్టెప్పులన్నీ చేస్తూ కడుక్కోమంటాను. ఈ మధ్య ఒక బ్యాచ్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది, చాలా చురుకైన పిల్ల, నరానికి సెలైన్ ఎక్కించే క్యానులా పెట్టడంలో మా సీనియర్లు కూడా ఆమెనే పిలుస్తారు. గోళ్లకి జెల్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. అందరికన్నా శ్రద్ధగా కడుక్కుంది. చేతులు యూవీ డబ్బాలో పెట్టింది. అరచేతులు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. వేళ్ల మధ్యన శుభ్రం. పది గోళ్ల చుట్టూ మాత్రం నీలి వెలుగు, కొస కింద మందంగా, క్యూటికిల్ దగ్గర సన్నగా అర్ధచంద్రాకారంలో. మళ్లీ వెళ్లి కడుక్కుని వచ్చింది. కొస దగ్గర కాస్త తగ్గింది, క్యూటికిల్ దగ్గర గీత అలాగే ఉంది. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు, వేళ్లు దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది. నేను కూడా ఏమీ అనలేదు.

కాసేపాగి తనే అడిగింది. "అక్కా, ఎలాగూ గ్లవ్స్ ఏసుకుంటాం కదా, ఇంకేటి?"

మంచి ప్రశ్న, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. గ్లవ్స్ చేతులు కడుక్కోవడానికి బదులు కాదు. గ్లవ్‌లో కంటికి కనపడని చిల్లులుంటాయి, వాడేకొద్దీ పెరుగుతాయి, గట్టి గోరు కొస తగిలితే వేలి చివర్లే ముందు చిరుగుతాయి. గ్లవ్స్ తీసేటప్పుడు వాటి మీదున్నది చేతికి అంటుతుంది. లోపల చెయ్యి చెమట పట్టి తడిగా వెచ్చగా ఉంటుంది, గోటి కింద ఉన్నవి పెరగడానికి అంతకన్నా ఏం కావాలి? పైగా పొడుగు గోళ్లున్నవాళ్లు వేలి కొస బిగుతుగా ఉంటుందని ఒక సైజు పెద్ద గ్లవ్ తీసుకుంటారు, దాంతో నరం సరిగ్గా చేతికి తెలీదు, క్యానులా ఒకసారి పోవాల్సింది రెండుసార్లు గుచ్చాలి. ప్రెస్ ఆన్ గోళ్లయితే, అంటే జిగురుతో అంటించుకునే రెడీమేడ్ గోళ్లయితే, ఇంకో భయం, గ్లవ్ లాగేటప్పుడు ఊడి ఎక్కడ పడతాయో తెలీదు. వెచ్చగా ఉంచే వార్మర్‌లో పడుకోబెట్టిన బిడ్డ పక్క గుడ్డల్లో ప్లాస్టిక్ గోరు దొరికితే ఆ తల్లికి ఏం చెబుతాం?

ఎన్‌ఐసీయూ మాట వచ్చింది కాబట్టి ఓక్లహోమా సిటీ సంగతి చెప్పాలి. అమెరికాలో ఆ ఊళ్లోని ఒక ఎన్‌ఐసీయూలో 1997 జనవరి నుంచి 1998 మార్చి మధ్య 439 మంది పసిపిల్లలు చేరారు. వాళ్లలో 46 మందికి సూడోమొనాస్ సోకింది. ఆ 46 మందిలో 16 మంది చనిపోయారు. ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికితే, ఇద్దరు నర్సుల చేతుల్లో దొరికిన బ్యాక్టీరియాకీ పిల్లల్లో దొరికిన దానికీ సంబంధం కనిపించింది. ఒకరికి పొడుగాటి కృత్రిమ గోళ్లు. ఇంకొకరికి పొడుగాటి సొంత గోళ్లు, అవును, సొంతవే. గోళ్ల వల్లే ఇదంతా జరిగిందని పరిశోధకులు తేల్చి చెప్పలేదు, పొడుగు గోళ్లూ కృత్రిమ గోళ్లూ కారణంలో భాగం అయ్యుండొచ్చని జాగ్రత్తగా రాశారు. నేను కూడా అంతవరకే చెబుతాను. ఆ ఇద్దరు నర్సులూ చెడ్డవాళ్లు కాదు, నిర్లక్ష్యంగా ఉన్నారని కూడా నేను అనుకోను, రోజూ డ్యూటీకొచ్చి ఆ పిల్లలకి పాలు పట్టి, గుడ్డలు మార్చి ఉంటారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ చర్మం ఉల్లిపొరలా ఉంటుంది, గోరు గీసుకుంటే చాలు తెగుతుంది. మనకి ఏమీ చేయని క్రిమి ఆ బిడ్డకి ప్రాణం మీదకి తెస్తుంది.

పెద్దవాళ్ల ఆపరేషన్లలోనూ ఇలాంటివి జరిగాయి. కాలిఫోర్నియాలో గుండె ఆపరేషన్ అయినవాళ్లకి సెరేషియా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు వస్తుంటే, ఆనవాళ్లు ఓటీలో పనిచేసే కృత్రిమ గోళ్లున్న ఒక నర్సు దగ్గర దొరికాయి. అసలు మూలం ఆవిడ ఇంట్లో వాడుకునే ఒక క్రీమ్ డబ్బా. ఇల్లెక్కడ, ఓటీ ఎక్కడ! ఇంకోచోట వెన్నెముక ఆపరేషన్ అయిన ముగ్గురికి ఎముకలో కాండిడా ఫంగస్ చేరితే, అది కృత్రిమ గోళ్లు పెట్టుకున్న ఓటీ టెక్నీషియన్ వైపు దారి తీసింది. ఆపరేషన్‌లో చెయ్యి పెట్టేవాళ్లందరూ స్క్రబ్ చేసుకుని స్టెరైల్ గ్లవ్స్ వేసుకున్నవాళ్లే కదా, గ్లవ్స్ ఉన్నాయి కదా అనేవాళ్లకి నేను ఈ రెండూ చెబుతుంటాను.

మన దగ్గర పరిస్థితి అంతకన్నా తేలిక కాదు. ఢిల్లీలో మూడు ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2016లో వచ్చింది. పసిపిల్లల సెప్సిస్‌కి, అంటే ప్రాణం మీదకి తెచ్చే తీవ్రమైన ఇన్ఫెక్షన్‌కి, కారణాల్లో ముందున్నవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలు, చాలావరకు మందులకి లొంగనివి. రెండూ గ్రామ్ నెగటివ్‌లే, గోటి సందుల్లో చేరే రకాలే. ఏ ఐసీయూలో కల్చర్ రిపోర్టు తీసినా, మందుకి క్రిమి లొంగదని చెప్పే ఆర్ అనే అక్షరాలే వరసగా కనపడే రోజుల్లో ఉన్నాం, ఆఖరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ దాకా వెళ్తున్నాం. మందు పనిచేయదని తెలిసినప్పుడు చేతులే మిగులుతాయి.

రూల్ ఎవరో ఇన్‌చార్జ్ మేడం కనిపెట్టింది కాదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2002లోనే ఐసీయూ, ఓటీ లాంటి చోట్ల రిస్క్ ఎక్కువున్న పేషెంట్లను ముట్టుకునేవాళ్లు కృత్రిమ గోళ్లు పెట్టుకోవద్దని రాసింది. డబ్ల్యూహెచ్ఓ 2009లో ఇంకొంచెం ముందుకెళ్లి, పేషెంట్‌ను నేరుగా ముట్టుకునే ఎవరూ పెట్టుకోవద్దంది, సొంత గోరైనా కొస అర సెంటీమీటరు లోపే ఉండాలంది. అరచెయ్యి మీ వైపు తిప్పుకుని వేళ్లు నిటారుగా పెట్టి చూసుకోండి, వేలి పైనుంచి గోరు తొంగి చూస్తుంటే కత్తిరించేయండి, నేనైతే ఇలాగే చెబుతాను, స్కేలు ఎవరు తెస్తారు?

నెయిల్ పాలిష్ సంగతి అడుగుతారు. మామూలు పాలిష్ కొత్తగా, పగలకుండా ఉన్నప్పుడు దాని మీద సాక్ష్యం అంత గట్టిగా లేదు. పెచ్చులూడిన పాలిష్ మాత్రం మంచిది కాదు, ఆ పెచ్చుల అంచుల్లో మురికి పడుతుంది, పైగా గోటి కింద ఏముందో కనపడదు. మా దగ్గర ఐసీయూ, ఎన్‌ఐసీయూ, ఓటీల్లో అదీ వద్దన్నాం. గోరింటాకు పెట్టుకోండి, ఆషాఢంలో మా వార్డంతా ఎర్రటి చేతులే, అది గోటికి పట్టే రంగు తప్ప పైన అతికే పొర కాదు. మార్కెట్లో దొరికే నల్ల మెహందీ కోన్లు మాత్రం వద్దు, కొన్నిట్లో హెయిర్ డైలో వాడే కెమికల్ కలుపుతారు, చర్మం పొక్కితే ఆ పుండుతో డ్యూటీ చేయడం మీకూ ప్రమాదం, పేషెంట్‌కీ ప్రమాదం.

ఉన్నవి తీయాల్సి వస్తే దయచేసి పళ్లతోనో, ఏటీఎం కార్డుతోనో పీకకండి. పీకితే అసలు గోటి పైపొర కూడా ఊడొస్తుంది, ఆ పల్చబడ్డ గోటికి గోరుచుట్టు వచ్చిందంటే అప్పుడు నిజంగానే డ్యూటీ ఆపాల్సి వస్తుంది. యాక్రిలిక్, సోక్ ఆఫ్ జెల్ (నానబెడితే వచ్చేసే రకం) అయితే దూదిని ఎసిటోన్‌లో తడిపి గోటి మీద పెట్టి ఫాయిల్ చుట్టి పదిహేను నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. వంటింట్లో, దీపం దగ్గర ఈ పని చేయకండి, ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది. హార్డ్ జెల్ ఎసిటోన్‌కి కరగదు, అది స్టూడియోకే వెళ్లి అరగదీయించుకోవాలి. తర్వాత కొన్నాళ్లు రాత్రిపూట కొబ్బరినూనె రాసుకోండి.

ఇప్పుడు మేనేజ్‌మెంట్ల మాట. రూల్ స్టాఫ్ నర్సు ఒక్కదానికే పెడితే నేను ఒప్పుకోను. విజిటింగ్ డాక్టర్ గారు మూడు ఉంగరాలతో, చేతికి గుడిలో కట్టించుకున్న దారంతో వచ్చి డ్రెస్సింగ్ విప్పి చూస్తారు, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. ఆ దారం తడిసి తడిసి రంగు మారి ఉంటుంది. ఫిజియోథెరపిస్ట్, ల్యాబ్ నుంచి బ్లడ్ తీయడానికొచ్చే అబ్బాయి, ఆయమ్మ, డైటీషియన్, పేషెంట్ మంచం దగ్గరికొచ్చే ఎవరికైనా ఒకటే రూల్ ఉండాలి. డాక్టర్ గారికి చెప్పడానికి మీకు మొహమాటమైతే నన్ను పంపండి, నేను చెబుతాను, చెప్పాను కూడా. మొదట ఒకాయన మొహం చిట్లించారు, తర్వాత రౌండ్స్‌కి వచ్చేటప్పుడు ఉంగరాలు జేబులో వేసుకుని రావడం మొదలుపెట్టారు.

అలాగే బెడ్ పక్కన చేతులకి రాసుకునే ఆల్కహాల్ హ్యాండ్ రబ్ సీసా ఖాళీగా పెట్టి, సింక్ దగ్గర టిష్యూ లేకుండా ఉంచి, చేతులు పగిలిపోయే చవక సబ్బు కొని, గోళ్ల గురించి సర్క్యులర్ ఇస్తే ఏం లాభం? చలికాలంలో మా పిల్లల చేతుల వెనక చర్మం చీలి రక్తం చెమ్మ కనిపిస్తుంది. ఆల్కహాల్ రాస్తే భగ్గుమంటుంది. మంట పుడితే ఎవరైనా రాసుకోవడం తగ్గిస్తారు, అది మనిషి నైజం. స్టాఫ్‌కి మాయిశ్చరైజర్ ఇవ్వడం ఖర్చు కాదు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ బడ్జెట్‌లో భాగం. వెంటిలేటర్ పేషెంట్‌కి ఒక సిస్టర్ అని కాగితం మీద ఉంటుంది. ఒకే సిస్టర్ ముగ్గురిని చూస్తుంటే ప్రతిసారీ 20, 30 సెకన్లు చేతులకి రబ్ రాసుకునే టైము ఎక్కణ్ణుంచి తెస్తుంది? గోళ్లు కత్తిరించమని ఆమెను అడిగే హక్కు మనకి ఉంది, మనుషుల్ని పెంచమని మిమ్మల్ని అడిగే హక్కు ఆమెకీ ఉంది.

పేషెంట్ తాలూకు వాళ్లు కూడా అడగొచ్చు. "సిస్టర్, ఒకసారి చేతులకి శానిటైజర్ రాసుకుంటారా" అని మర్యాదగా అంటే ఏ నర్సూ తప్పుగా తీసుకోదు, డాక్టర్ని కూడా అలాగే అడగండి. మీరూ చూడ్డానికి లోపలికొచ్చేటప్పుడు రాసుకునే రండి. ఎన్‌ఐసీయూలో బిడ్డను కంగారూ కేర్‌కి గుండెల మీద పడుకోబెట్టుకునే అమ్మలు, అమ్మమ్మలు కూడా గోళ్లు ఎక్స్‌టెన్షన్లు లేకుండా, పొట్టిగా ఉంచుకుంటే చాలా మంచిది. సీమంతానికి గోళ్లు పెట్టించుకుని, అనుకోకుండా నెలలు నిండకముందే డెలివరీ అయిన అమ్మాయిల్ని చూశాం. వాళ్లని ఆ టైములో ఒక్క మాట అనకూడదు, పక్కన కూర్చుని మెల్లగా తీయించాలి.

మా దగ్గర ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, జాయినింగ్ రోజే కారణంతో సహా చెబుతున్నాం, యూవీ డబ్బా చూపిస్తున్నాం. గోళ్లు చూడాల్సి వస్తే పక్కకి పిలిచి చూస్తున్నాం, అందరి ముందూ కాదు. పెళ్లి, ఫంక్షన్ ఉన్నవాళ్లు నాకు ముందే చెబితే, ఫంక్షన్ పూటకి ప్రెస్ ఆన్ పెట్టుకుని జిగురు ముక్క కూడా మిగలకుండా తీసేసి రమ్మంటున్నాను. పూర్తిగా తీయించుకోవడానికి ఒకరోజు ఆలస్యమైతే ఆ రోజు సెలవు కోయకుండా రికార్డ్స్‌లోనో, ఇన్సూరెన్స్ డెస్క్‌లోనో పేషెంట్‌ని ముట్టుకోని పని ఇస్తున్నాం. శ్రీకాకుళం అమ్మాయి మర్నాడే ద్వారకానగర్ వెళ్లి తీయించుకుని వచ్చింది, ఆ డబ్బులు పోయినందుకు కొంచెం బాధపడింది, బాధపడదా మరి? ఇప్పుడు కొత్త బ్యాచ్‌కి యూవీ డెమో తనే చేస్తానంటోంది. కార్తీకంలో తన అక్క పెళ్లి ఉంది, ఆ సెలవు ఇప్పటికే రోస్టర్‌లో రాసిపెట్టాను.